గుండ్రని యిండ్లు - వాని సౌఖ్యము

శ్రీకాకుళ విశాఖ తీరములందలి చుట్టిండ్లను ఎరుగని పెద్దలు మీలో అరుదుగా నుందురు. అది బీదవాని గుడిసె యనియు, నాలుగు మూలల డాబాయే గౌరవమనియు పలువురు తలంచుచున్నారు. ఈ తలంపు ఎంత సరియైనదో గుజరాతునందలి కచ్ఛదేశపు భుంగాలను జూచిన తెలియగలదు. భుంగా యనగా మట్టిగోడలును, కసవు కప్పును గల గుండ్రని యిల్లు.

2001వ సంవత్సరము జనవరి 26వ తేదీని అచట గొప్ప భూకంపము సంభవించెను. భుజ్ మొదలగు పట్టణములందు రాతియిండ్లును, సిమెంటు మేడలును కూలి వేలకొలది జనులు మరణించిరి. చక్కగా కట్టి కాపాడుకొనిన భుంగాలు మాత్రము చాలవరకు నిలిచినవి. చదరపు గదికి మూలలే బలహీనస్థానములు. భూమి యదరినప్పుడు గోడలు అచటనే విడివడును. గుండ్రని గోడకు మూలయే లేదు గదా! ఆ యదటును గోడయంతయు పంచుకొనును. కసవు కప్పు తేలికయగుటచే పడినను ప్రాణహాని స్వల్పము.

ఇక సౌఖ్యము. 20 అడుగుల నడికొలత గల గుండ్రని యింటికి చుట్టుగోడ సుమారు 63 అడుగులు. అంతే వైశాల్యము గల చదరపు టింటికి 71 అడుగుల గోడ కావలెను. ఎండ తగులు గోడ తగ్గిన కొలది లోపలి వేడియు తగ్గును. మందమైన మట్టిగోడ పగటి వేడిని మెల్లగా పీల్చి, చలి రాత్రులందు మెల్లగా విడుచును.

లోపలి యమరిక మరింత ముచ్చట గొలుపును. గోడనుండి గోడకు దూలము వేసి, దాని నడుమ పొట్టి స్తంభము నిలిపి కప్పును మోయింతురు. కావున నేలపై అడ్డుండదు. గోడలోనే గూళ్లు, ధాన్యమునకు మట్టి గాదెలు, ఒకవైపున చక్కగా పేర్చిన బొంతల దొంతర. స్త్రీలు గోడలపై మట్టితో ఉబ్బెత్తు లతలు తీర్చి అద్దపు బిళ్లలు పొదుగుదురు. చిన్న దీపము పెట్టినను బిళ్లలన్నియు మెరసి గదియంతయు వెలుగును. మనము అలంకారమనుకొనునది అచట చమురు ఖర్చును తగ్గించు నుపాయము!

భూకంపానంతరము కట్టిన భుంగాలు కొన్నిటియందు మట్టికి కొంచెము సిమెంటు కలిపి అచ్చొత్తిన ఇటుకలు వాడిరి. వానకు కరగని గోడ దొరకెను, ఆకారము చెడలేదు. ఇది మెచ్చదగిన మార్పు. కాని గుండ్రని గోడపై ఇనుపరేకు కప్పినచో వేసవిని ఆ యిల్లు కుంపటియే యగును. వంపుగోడకు పట్టణపు బీరువాను చేర్చుటయు నట్టిదే. వెనుక మిగిలిన సందు తేళ్ల పాలగును. గోడలోనే అలమారులు కట్టించుకొనుట మేలు. మంచమును తలవైపున గోడకు చేర్చి, కిటికీలను ఎదురెదురుగా మంచపు టెత్తున నుంచినయెడల గాలి పండుకొనినవారిపై ప్రసరించును.

కసవు కప్పునకు నిప్పు భయము లేకపోలేదు. అందుచే కచ్ఛవారు వంటను పడకయింటికి వేరుగా నుంతురు. ఈ కట్టడములన్నియు ఎత్తైన యొకే తిన్నెపై నుండును. కుటుంబము పెరిగినప్పుడు పాత యింటిని పొడిగింపరు. ఆ తిన్నెమీదనే మరియొక భుంగా లేచును.