ప్రోనోటు జీతం నుంచి ప్రతిపక్ష బెంచీ దాకా

ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలు వచ్చాయంటే స్టాఫ్‌రూముల్లో ఒకటే చర్చ: డీఏ బకాయిలు, పీఆర్సీ, బదిలీలు. ఆంధ్రప్రదేశ్ మండలిలోని 58 స్థానాల్లో 5, తెలంగాణలోని 40లో 3 టీచర్లు ఎన్నుకునేవి. నేనూ జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి, సంఘం చందా పుస్తకం మోసినవాణ్ణే. ఆ డిమాండ్లు న్యాయమైనవే. కానీ బడి నుంచి చట్టసభకు వెళ్లిన మాష్టారు అక్కడితో ఆగనక్కర్లేదు అనడానికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం కెనడాలో ఉంది. ఆయన పేరు వుడ్రో లాయిడ్.

కెనడాలో ప్రావిన్సులంటే మన రాష్ట్రాల్లాంటివి. చదువు, వైద్యం వాటి చేతిలోనే ఉంటాయి. గోధుమ పండే సస్కాచెవాన్ ప్రావిన్సులో, వెబ్ అనే ఊరి దగ్గర 1913లో లాయిడ్ పుట్టారు. ఆయన టీచరయ్యేనాటికి 1930ల కరువు నడుస్తోంది. వాన లేదు, పండిన కాస్త గోధుమకూ ధర లేదు. అక్కడ ఊరి బడిని నడిపేది ఊరి స్కూలు బోర్డే. ఆ బోర్డుకు వచ్చేది ఊళ్లో వసూలయ్యే భూమి పన్ను. పంట పోతే పన్ను రాదు, పన్ను రాకపోతే మాష్టారికి జీతం లేదు. చాలాచోట్ల డబ్బుకు బదులు ప్రోనోట్లు రాసిచ్చారు.

ఆ కష్టంలోనే టీచర్ల సంఘం పుట్టింది. 1935లో చట్టం చేసి అందులో సభ్యత్వం అందరికీ తప్పనిసరి చేశారు. లాయిడ్ ఆ సంఘానికి అధ్యక్షులయ్యారు. బిగర్ ఊళ్లో ప్రిన్సిపాల్‌గా ఉంటూ 1944లో సీసీఎఫ్ అనే వామపక్ష పార్టీ తరఫున అక్కడి నుంచే గెలిచారు. ఆ పార్టీ ముఖ్యమంత్రి టామీ డగ్లస్ మంత్రివర్గంలో విద్యాశాఖ చేపట్టేనాటికి ఆయనకు 31 ఏళ్లు నిండలేదు.

మంత్రి అయ్యాక ఆయన చెయ్యి పెట్టింది జీతాల జీవో మీద కాదు, జీతం ఎందుకు ఆగుతోందన్న కారణం మీద. ప్రావిన్సులో దాదాపు 5,000 స్కూలు జిల్లాలు, ఎక్కువ భాగం ఒక్క గది, ఒక్క టీచరు ఉన్న బడులే. వాటిని కలిపి పెద్ద యూనిట్లు చేశారు. పేద ఊరూ ఉన్న ఊరూ ఒకే ఖజానాలోకి వచ్చాయి. మా బడి పెత్తనం మాకు పోతుందని ఊళ్లు గొణిగాయి. బడుల విలీనం మాట ఎత్తితే మన దగ్గర ఎంత రగడో తెలిసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. ఆయన పదహారేళ్లు అదే శాఖలో ఉండి ఆ పని నడిపించారు.

1961 నవంబరులో డగ్లస్ జాతీయ రాజకీయాలకు వెళ్లడంతో లాయిడ్ ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి, అయ్యారు. డగ్లస్ వాగ్ధాటి ఆయనకు లేదు. చేతికొచ్చిన పని మాత్రం డగ్లస్ మొదలుపెట్టినదే: రోగి డాక్టరుకు డబ్బివ్వకుండా ప్రభుత్వ బీమాయే చెల్లించే పథకం. 1962 జులై 1న అది అమల్లోకి వచ్చిన రోజే డాక్టర్లు సమ్మెకు దిగారు. కొన్ని ఆస్పత్రుల్లో అత్యవసర సేవలు తప్ప మిగతా వైద్యం ఆగింది. బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించారు. రాజధాని రెజైనాలో చట్టసభ ముందు ప్రత్యర్థులు సభ పెట్టారు కానీ, అనుకున్నంత జనం రాలేదు. 23 రోజుల తర్వాత ఒప్పందం కుదిరింది. పథకం బయట ఉండి ప్రాక్టీసు చేసుకునే వెసులుబాటు డాక్టర్లకు దక్కింది, అందరికీ బీమా అన్న మూలసూత్రం మాత్రం చెక్కుచెదరలేదు.

1964 ఏప్రిల్లో ఆయన పార్టీ ఓడింది. ఓట్లు రెండు పక్షాలకూ దాదాపు సమానమే, సీట్లు మాత్రం లిబరల్ పార్టీకి ఎక్కువ. గెలిచిన రాస్ థాచర్ ఒకప్పుడు సీసీఎఫ్ ఎంపీయే, పార్టీ మారినవారు. లాయిడ్ ప్రతిపక్ష నాయకుడిగా అదే సభలో ఎదురు బెంచీలో కూర్చున్నారు. 1967లో మళ్లీ ఓడారు.

నన్నడిగితే ఆయన జీవితంలో చూడాల్సిన ఘట్టం ఇదే. అధికారంలోకి వచ్చిన థాచర్ వైద్య బీమాను రద్దు చేయలేకపోయారు. జనం దానికి అలవాటు పడిపోయారు. పైగా 1966లో కెనడా పార్లమెంటు దేశమంతటికీ అలాంటి పథకం తెస్తూ చట్టం చేసింది. లాయిడ్ ప్రతిపక్షంలో ఉండగానే ఆయన నిలబెట్టిన ఏర్పాటు దేశానిదైంది. 1968లో థాచర్ డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ రోగి ఒకటిన్నర డాలరు కట్టాలని రుసుము పెట్టారు. ఎన్డీపీగా పేరు మార్చుకున్న లాయిడ్ పార్టీ దాన్ని వ్యతిరేకించింది. పేదవాడు డాక్టరు గడప ఎక్కకుండా చేసేది ఆ చిన్న మొత్తమే.

1969లో ఎన్డీపీ జాతీయ మహాసభలో, కెనడా ఆర్థిక వ్యవస్థపై అమెరికా పెత్తనాన్ని ప్రశ్నించిన యువ వామపక్షీయుల ప్రణాళికకు ఆయన ఓటేశారు. సొంత శాసనసభ్యుల్లోనే అసంతృప్తి రేగింది. 1970లో నాయకత్వం వదులుకున్నారు. మరుసటి ఏడాది అలన్ బ్లేకెనీ నాయకత్వంలో పార్టీ 60కి 45 సీట్లు గెలిచి ఆ రుసుమును ఎత్తేసింది. లాయిడ్ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఉద్యోగంలో చేరి, 1972లో సియోల్‌లో కన్నుమూశారు.

ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నది రెండున్నరేళ్లే, ప్రతిపక్ష నాయకుడిగా దాదాపు ఆరేళ్లు. ఓడించినవాళ్లు కూడా తీసేయలేని పని చేసినవాణ్ణి ఓడిపోయినవాడు అనలేం.

ఈసారి ఎమ్మెల్సీ అభ్యర్థి మీ స్కూలుకు వస్తే డీఏ సంగతి అడగండి. ఆ తర్వాత ఏకోపాధ్యాయ బడి గురించి, మీ మండల ఆరోగ్య కేంద్రం గురించి కూడా అడగండి. ఆ రెండో ప్రశ్నకు తడుముకునే మనిషికి ఓటేసే ముందు మళ్లీ ఒకసారి ఆలోచించండి.