కొల్లేరులో ముందుగా ఏ నేలను కొనాలి?

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు గట్లు తెగి విజయవాడలోని సింగ్ నగర్, దాని పరిసర కాలనీలు రోజుల తరబడి నీట మునిగాయి. నగరాన్ని ముంచిన ఆ వాగు అక్కడితో ఆగదు. కృష్ణా డెల్టా పల్లపు పొలాల మీదుగా సాగి కొల్లేరులో కలుస్తుంది. ఆ పొలాల ముంపు ఎన్నాళ్లలో తీరుతుందన్నది, చివరన కొల్లేరు ఎంత నీటిని ఇముడ్చుకోగలదు, ఉప్పుటేరు దానిని ఎంత వేగంగా సముద్రానికి చేర్చగలదు అన్న రెండు అంశాలపై ఆధారపడి ఉంది. కనుక కొల్లేరు భూముల సంరక్షణను పక్షుల సమస్యగా మాత్రమే చూడటం సరికాదు. అది డెల్టా వ్యవసాయ సమస్య కూడా.

గీసిన రేఖ, మిగిలిన చిక్కు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులతో పాటు అనేక మురుగు కాలువలు చేరుతాయి. 1970వ దశకంలో స్థానిక మత్స్యకారుల సహకార సంఘాల ద్వారా చేపల చెరువుల పెంపకాన్ని ప్రభుత్వమే ప్రోత్సహించింది. కాలక్రమంలో అనేక చెరువులు పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్లాయి. గట్లు పెరిగి నీటి దారులు ఇరుకయ్యాయి.

1999లో +5 అడుగుల కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ప్రభుత్వం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించిన ప్రాంతం ఇంకా విశాలమైనది, 901 చదరపు కిలోమీటర్లు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట వేల ఎకరాల చెరువుల గట్లను తొలగించారు. 2008లో శాసనసభ అభయారణ్య పరిధిని +3 కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ఆ తగ్గింపును సమర్థించలేదు.

తగ్గింపు కోరికకు బలమిచ్చినది +3, +5 కాంటూర్ల మధ్య ఉన్న జిరాయితీ రైతుల కష్టం. పట్టా చేతిలో ఉన్నా తన భూమిని ఇష్టానుసారం వినియోగించుకోలేని, తగిన ధరకు అమ్ముకోలేని స్థితి వారిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇందుకు మూడు మార్గాలు చూపింది. హక్కులున్న భూమిని అభయారణ్య పరిధి నుంచి మినహాయించవచ్చు. పరిహారమిచ్చి సేకరించవచ్చు. లేదా ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని సంప్రదించి ఆ హక్కును కొనసాగనివ్వవచ్చు. ఏ కమతానికి ఏ మార్గం తగునో విడివిడిగా నిర్ణయించకుండా, మొత్తం రేఖను పైకో కిందికో జరపాలని వాదించడం వల్లనే వివాదం దశాబ్దాలుగా తెగలేదు.

ప్రాధాన్య నిర్ణయానికి ప్రమాణాలు

నిధులు పరిమితమైనప్పుడు చౌకగా దొరికే భూమిని ముందు కొనడం సహజంగా కలిగే ఆలోచన. అది తరచు పొరపాటవుతుంది. వాగు ముఖద్వారంలో అడ్డుగా నిలిచిన పది ఎకరాల చెరువు గట్టును తొలగిస్తే కలిగే ప్రయోజనం, అంచున చెల్లాచెదురుగా ఉన్న నూరు ఎకరాలను కొన్నా కలగకపోవచ్చు. వెచ్చించే ప్రతి రూపాయికి ఎంత నీటి విస్తీర్ణం, ఎంత ప్రవాహం తిరిగి దక్కుతాయన్నదే అసలు లెక్క.

ఆ దృష్టితో పరిశీలించవలసిన అంశాలు ఐదు. మొదటిది నీటి దారి: వాగులు సరస్సులో ప్రవేశించే చోట్లు, ఉప్పుటేరు మొదలయ్యే చోటు. రెండవది నేల ఎత్తు, ఏటా ముంపులో ఉండే రోజులు. మూడవది, ఇప్పటికే ప్రభుత్వ అధీనంలో ఉన్న భూమితో ఆనుకొని ఉండటం. నాలుగవది పునరుద్ధరణ వ్యయం: వరి పొలాన్ని చిత్తడి నేలగా మార్చడం సులభం, లోతుగా తవ్వి ఎత్తైన గట్లు పోసిన చెరువును మార్చడం కష్టం. ఐదవది యజమాని సమ్మతి, ఆ భూమిపై బతికే కౌలుదారు, కూలీల పరిస్థితి. యజమానికి పరిహారమిచ్చి కౌలుదారును మరిచిపోతే వివాదం మరో రూపంలో తిరిగి వస్తుంది.

అన్ని భూములనూ కొనవలసిన అవసరం లేదు. అమెరికాలో 1911 నాటి వీక్స్ చట్టం నౌకాయానానికి అనువైన నదుల ఎగువ పరీవాహక ప్రాంతాల్లో భూములు కొని జాతీయ అడవులుగా మార్చేందుకు వీలు కల్పించింది. కొనుగోలుకు అక్కడ నీరే ప్రాతిపదిక. 1990 నాటి వ్యవసాయ చట్టం మరో దారి చూపింది: యాజమాన్యం రైతు వద్దే ఉండగా, ఆ చిత్తడి నేలను సాగుకు ఎండగట్టే హక్కును మాత్రం ప్రభుత్వం శాశ్వతంగా లేదా 30 ఏళ్లకు కొంటుంది. కొల్లేరు అంచుల్లో నీరు తీసిన తర్వాత దాళ్వా వరి పండించే రైతుకు ఇటువంటి ఒప్పందం అనుకూలించవచ్చు. గట్టు వేయకుండా, నీటిని అడ్డగించకుండా సాగు చేసినందుకు ఏటా చెల్లింపు అందుతుంది.

కొన్న తర్వాత

భూమి ప్రభుత్వానిదైనంత మాత్రాన సంరక్షణ పూర్తయినట్లు కాదు. 2006 తర్వాత కొల్లేరులో చెరువులు తిరిగి వెలిసిన అనుభవమే ఇందుకు నిదర్శనం. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట నాగాయలంక పరిసరాల్లోని మడ అడవులు మరో పాఠం నేర్పుతాయి. అవి ప్రభుత్వ రిజర్వు అడవులు, అభయారణ్యంలో భాగం. అయినా పల్లపు చోట్ల పోటు నీరు నిలిచి, ఎండి, ఉప్పు పేరుకుపోగా చెట్లు క్షీణించాయి. చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు పాట్ల నీటి రాకపోకలను పునరుద్ధరించి, గ్రామ కమిటీల సహకారంతో మొక్కలు నాటిన చోట్ల అడవి కోలుకుంది. 1977 నవంబరు ఉప్పెనను చూసిన దివిసీమకు ఆ చెట్ల విలువ వేరే చెప్పనక్కరలేదు. కొల్లేరులోనూ కొన్న ప్రతి ఎకరానికీ నీటి దారి తెరవడం, గుర్రపు డెక్క తొలగింపు, సంప్రదాయ వేటకు హక్కు, కాపలా అనే నాలుగింటికీ నిధులు ముందే కేటాయించాలి.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

ప్రాధాన్య పటం కార్యాలయంలో తయారయ్యేది కాదు. గ్రామం వారీగా సర్వే నంబరు, నేల మట్టం, ముంపు దినాలు, పంట, జిరాయితీ లేదా డి-ఫారం పట్టా వివరం, వాస్తవ సాగుదారు పేరు ఒకే పట్టికలో చేరాలి. వీటిలో సగం సమాచారం రైతుతో పొలం గట్టున నిలిచి మాట్లాడితేనే లభిస్తుంది. రెవెన్యూ, అటవీ, మత్స్య, జలవనరుల శాఖల రికార్డులు ఒకదానితో ఒకటి సరిపోలని చోట రైతు మాటే మొదటి ఆధారం. బుడమేరు చేరే వైపు ఉన్న ఒక్క గ్రామంతో ఈ పనిని ప్రారంభించి, వర్షాలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మట్టాలు తీసుకోవడం విద్యార్థుల క్షేత్ర అధ్యయనానికి తగిన అంశం. వచ్చే వరదకు ముందే ఆ పట్టిక సిద్ధమైతే, ఏ గట్టు తొలగించాలో, ఏ రైతుకు ముందు పరిహారం చెల్లించాలో నిర్ణయించడానికి అధికారుల చేతిలో ఒక ఆధారం ఉంటుంది.