వేడిని పసిగట్టే పూస

జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ కొసన మెరిసే తొడుగు ఉంటుంది కదా, దాని లోపల ఆవగింజ కన్నా చిన్న పూస ఒకటి దాగి ఉంటుంది. పేరు థర్మిస్టర్. రెండు సన్నటి తీగలు తప్ప దానికి ఇంకే హంగూ లేదు. పాత థర్మామీటర్‌లో పాదరసం పైకి పాకేది. ఇందులో కదిలేది ఏమీ ఉండదు. నాలుక కింద వేడి తగిలేసరికి ఆ పూస కరెంటును అడ్డుకునే తీరు మారుతుంది. ఆ అడ్డంకినే నిరోధం అంటాం. లోపలి చిప్ దాన్ని కొలిచి, జ్వరం ఎంతో అంకెల్లో చూపిస్తుంది.

ఈ గుణాన్ని మొదట పట్టుకున్నది మైకేల్ ఫారడే. 1833లో ఆయన సిల్వర్ సల్ఫైడ్‌ను వేడి చేస్తూ పోతే, అందులోంచి కరెంటు అంతకంతకూ తేలిగ్గా పారింది. లోహాల్లో జరిగేది ఇందుకు పూర్తిగా ఎదురు కాబట్టి ఫారడేకి అది వింతగా తోచింది. ఆ వింత అమ్మకానికి పనికొచ్చే వస్తువుగా మారడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 1930లో అమెరికాలో శామ్యూల్ రూబెన్ ఆ పని చేశాడు. డ్యూరాసెల్ బ్యాటరీకి మూలపురుషుడైన రూబెన్ కూడా ఈయనే.

లోహాన్ని వేడి చేస్తే అందులోని పరమాణువులు ఎక్కువగా కంపించి ఎలక్ట్రాన్ల దారికి అడ్డొస్తాయి, నిరోధం పెరుగుతుంది. పాతకాలపు వంద వాట్ల బల్బు మీ ఇంట్లో ఇంకా ఉంటే, ఆరి ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో కొలిచి చూడండి, 40 ఓమ్‌లకు అటూ ఇటూగా చూపిస్తుంది. 230 వోల్టుల మీద వెలుగుతున్నప్పుడు అదే ఫిలమెంటు నిరోధం 529 ఓమ్‌లు. అందుకే ఆ బల్బులు వెలుగుతూ ఉండగా కాక, స్విచ్ వేసిన క్షణంలో ఎక్కువగా మాడిపోయేవి. చల్లటి ఫిలమెంటులోకి ఒక్కసారిగా కరెంటు ఉరుకుతుంది మరి.

థర్మిస్టర్‌ను మాంగనీసు, నికెల్, కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడ్లను పొడి చేసి, అదిమి, కొలిమిలో కాల్చి చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు వీటిలో ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడ చిక్కుకుని ఉంటాయి. వేడి వాటిని విడిపిస్తుంది, కరెంటు పారుతుంది, నిరోధం పడిపోతుంది. ఎంతగా అంటే, 25 డిగ్రీల దగ్గర 10 వేల ఓమ్‌లుండే ఒక మామూలు రకం, సున్నా డిగ్రీల దగ్గర 33 వేలు దాటుతుంది. మరిగే నీళ్లలో ముంచితే 700కి దిగుతుంది. గది వేడి దగ్గర డిగ్రీకి సుమారు నాలుగు శాతం మార్పు. ప్లాటినం తీగలో ఆ మార్పు అర శాతం కూడా ఉండదు. అయినా -259 నుంచి 961 డిగ్రీల దాకా అంతర్జాతీయ ప్రమాణం ప్లాటినమే. ఏళ్లు గడిచినా అది మాట తప్పదు. థర్మిస్టర్‌కు ఆ నిలకడ లేదు గానీ చురుకుదనం ఉంది, ధర కూడా తక్కువ.

ఏసీ మెకానిక్‌లు దీన్ని సెన్సర్ అనే అంటారు. స్ప్లిట్ ఏసీ లోపలి యూనిట్‌లో సాధారణంగా రెండుంటాయి. ఒకటి గదిలోంచి లోపలికి వచ్చే గాలి వేడి చూస్తుంది. రెండోది రాగి గొట్టాన్ని అంటుకుని, కాయిల్ మీద మంచు పేరుకోకుండా కాపలా కాస్తుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 10కె (10 వేల ఓమ్‌లు) అని రాసిన సెన్సర్ మే నెలలో 35 డిగ్రీల గదిలో ఆరున్నర, ఏడు వేల ఓమ్‌ల మధ్యే చూపిస్తుంది. అది పాడవలేదు, సరిగ్గా పనిచేస్తోంది. ఆ 10కె అన్నది 25 డిగ్రీల దగ్గరి లెక్క. అనుమానముంటే ఐసు వేసిన నీళ్లలో ముంచండి. అంకె వెంటనే పైకి పరుగెత్తకపోతే అప్పుడు మార్చండి. ఇది తెలియక పారేసిన మంచి సెన్సర్లెన్నో.

ఇండక్షన్ స్టవ్‌లో కాయిల్ నడిమధ్య గాజుకు ఆనించి ఒకటుంటుంది. కారు ఇంజను కూలెంట్ గొట్టంలో ఒకటి. ఫోన్ బ్యాటరీకి ప్లస్, మైనస్‌లతో పాటు అదనంగా కనిపించే కొనల్లో ఒకటి చాలావరకు దీనిదే. కారు డాష్‌బోర్డు మీద ఎండలో వదిలేసిన ఫోన్, చల్లబడే దాకా చార్జ్ ఎక్కనని మొండికేయడం దీని చలవే. లిథియం బ్యాటరీని మామూలుగా 45 డిగ్రీలు దాటాక గానీ, సున్నా కంటే దిగువన గానీ చార్జ్ చేయనివ్వరు.

థర్మిస్టర్లలో రెండో జాతి ఉంది, నాకు మరీ ఇష్టమైనది. బేరియం టైటనేట్ అనే సిరామిక్‌లో పిసరంత వేరే మూలకం కలిపి కాలిస్తే, అది సుమారు 120 డిగ్రీల దాకా కరెంటును పోనిస్తుంది. ఆ గీత దాటిందంటే నిరోధం వేల రెట్లు ఎగబాకుతుంది. అంటే వేడిని కొలవడంతో ఆగక, తానే చర్య తీసుకుంటుంది. గోడకు పెట్టే దోమల మందు మెషిన్లు చాలావాటిలో ఉన్నది ఈ సిరామిక్ బిళ్లే. వేడెక్కితే కరెంటు తగ్గించుకుంటుంది, చల్లబడితే పెంచుకుంటుంది. రాత్రంతా ఒకే వేడి. వేరే థర్మోస్టాట్ అక్కర్లేదు. గ్లూ గన్‌లోనూ జుట్టు సాపు చేసే స్ట్రెయిట్‌నర్‌లోనూ ఇదే.

మామూలు ఫ్రిజ్‌లో కంప్రెసర్ పక్కన కూడా ఇలాంటి బిళ్ల ఉంటుంది. మోటారు కదలడానికి మొదట ఒక తోపు కావాలి, అందుకు స్టార్టింగ్ వైండింగ్ ఉంటుంది. బిళ్ల చల్లగా ఉన్నప్పుడు దానికి కరెంటు ఇస్తుంది, కొద్ది క్షణాల్లో తాను వేడెక్కి దాదాపు ఆపేస్తుంది. కరెంటు పోయి అరనిమిషంలో వచ్చినప్పుడు ఫ్రిజ్ మూలిగి, టిక్కుమని ఆగిపోతుందే, అప్పటికి బిళ్ల ఇంకా చల్లారలేదన్నమాట. లోపలి గ్యాస్ ఒత్తిడీ సర్దుకోలేదు. మూడు నాలుగు నిమిషాలు ఆగి వేయమని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. డబ్బా టీవీ ఆన్ చేయగానే వచ్చే ధుమ్మనే మోత గుర్తుందా? పిక్చర్ ట్యూబ్‌కు పట్టిన అయస్కాంతత్వాన్ని చెరిపే కాయిల్ చప్పుడది. ఆ కాయిల్‌లో కరెంటును మెల్లమెల్లగా తగ్గించింది కూడా ఈ జాతి బిళ్లే.

ఒకే మీట ఉన్న సాదా రైస్ కుక్కర్ మాత్రం ఈ కోవలోది కాదు. అందులో పని చేసేది అయస్కాంతం. నీళ్లు ఇగిరి గిన్నె అడుగు వంద డిగ్రీలు దాటి ఎక్కేసరికి దాని పట్టు సడలి, మీట పైకి లేస్తుంది.

మళ్లీ మొదటి జాతి పూసకు వస్తే, ఆసుపత్రిలో అది చేసే పని ఇంకా పెద్దది. గుండె నిమిషానికి ఎన్ని లీటర్ల రక్తం తోడుతోందో తెలుసుకోవడానికి, లాస్ ఏంజెలిస్ వైద్యులు జెరెమీ స్వాన్, విలియం గాంజ్‌ల పేరుమీద ఒక సన్నటి గొట్టం ఉంది. సిర ద్వారా దాన్ని గుండెలోంచి ఊపిరితిత్తుల ధమని దాకా పంపుతారు. గుండె కుడి కర్ణికలోకి చల్లటి సెలైన్ 10 మిల్లీలీటర్లు చిమ్ముతారు. గొట్టం కొస దగ్గరున్న థర్మిస్టర్, రక్తం ఎంత చల్లబడి ఎంత త్వరగా మళ్లీ వేడెక్కిందో చూస్తుంది. ఆ మార్పు గీసే గీతలోంచి లీటర్ల లెక్క తీస్తారు.

నెలలు నిండని బిడ్డను వార్మర్‌లో ఉంచినప్పుడు పొట్ట మీద అంటించే చిన్న ప్రోబ్‌లో ఉండేదీ సాధారణంగా థర్మిస్టరే. బిడ్డ చర్మం వేడిని బట్టి హీటర్ తగ్గుతుంది, పెరుగుతుంది. ఆ టేపు ఊడిందా, ప్రోబ్ గాలి చల్లదనాన్ని బిడ్డదిగా చెబుతుంది, హీటర్ అదే పనిగా మండుతుంది. అందుకే నర్సులు ఆ టేపును మళ్లీ మళ్లీ తడిమి చూస్తారు. వారి ఆ జాగ్రత్త లేకుండా ఈ పూస ఒక్కటే బిడ్డను కాపాడలేదు.

హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నం వాతావరణ కేంద్రాల నుంచి బెలూన్లు ఎగరేస్తారు. వాటికి వేలాడే చిన్న పెట్టెలో వేడి చూసే సెన్సర్ ఉంటుంది. ఎన్నో దశాబ్దాలుగా ఈ పనికి థర్మిస్టర్లు వాడుతున్నారు. మనకు పైన 16, 17 కిలోమీటర్ల ఎత్తులో గాలి -80 డిగ్రీల దాకా చల్లబడుతుంది. ఊళ్లో వడగాలి వీస్తున్న రోజున కూడా అంతే.

నిరోధం తెలిస్తే వేడి ఎంతో చెప్పే సూత్రాన్ని ప్రపంచమంతా స్టైన్‌హార్ట్, హార్ట్‌ల సమీకరణం అంటుంది. వాళ్లిద్దరూ దాన్ని 1968లో సముద్ర పరిశోధన పత్రికలో ప్రకటించారు. సముద్రం అడుగున డిగ్రీలో వెయ్యో వంతు తేడా కూడా లెక్కలోకి వస్తుంది. ఇవాళ ఆర్గో అనే తేలియాడే యంత్రాలు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకొస్తూ థర్మిస్టర్లతో సముద్రం వేడిని కొలుస్తున్నాయి, 0.002 డిగ్రీల ఖచ్చితత్వం వాటి లక్ష్యం. మన దేశపు ఆర్గో యంత్రాల లెక్కలు చేరేది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు. బంగాళాఖాతంలో తుపాను బలపడే సూచనలు చూసేటప్పుడు, సముద్రం పైపొరతో పాటు లోతున ఎంత వేడి దాగుందో ఆ లెక్కలు చెబుతాయి.