తనాకా యోషికో - నటనాప్రస్థానం

జపాను వినోదరంగంలో ‘ఐడల్’ అనే మాటకు ప్రత్యేకమైన అర్థం ఉంది. చిన్న వయసులోనే ఎంపికై, పాటలోను, నృత్యంలోను శిక్షణ పొంది, అభిమానుల ఆదరణే ఆధారంగా ఎదిగే యువకళాకారులను అక్కడ ఐడల్ అంటారు. 1970వ దశకంలో టెలివిజన్ ద్వారా ఈ సంప్రదాయం బలపడింది. గాత్రనైపుణ్యం కన్నా చిరునవ్వుకు, లేత వయసుకు ఇందులో విలువ ఎక్కువ. అందుచేత వయసు పెరిగే కొద్దీ ఆ కీర్తి తరిగిపోతుంది. ఆ తరువాత ఏమిటన్న ప్రశ్నకు తన నటనతో సమాధానం చెప్పిన కళాకారిణి తనాకా యోషికో.

యోషికో 1956 ఏప్రిల్ 8న టోక్యోలో జన్మించింది. 1973లో ఇతో రాన్, ఫుజిమురా మికి అనే సహచరులతో కలిసి ‘క్యాండీస్’ అనే గాయనీత్రయంగా తొలి పాటను వెలువరించింది. అభిమానులకు ఆమె ‘సూ’. మొదట్లో ముగ్గురి నడుమ నిలిచి పాడినది ఆమెయే. కాని ఆ పాటలు ఆశించిన ఆదరణ పొందలేదు. 1975లో రాన్‌ను నడుమ నిలిపిన పాట ఘనవిజయం సాధించింది. యోషికో పక్కకు జరిగి, తన వంతు తాను పాడుతూ వచ్చింది.

1977 జూలైలో, పేరుప్రఖ్యాతులు వెల్లివిరుస్తున్న కాలంలోనే, టోక్యోలోని హిబియా ఆరుబయలు రంగస్థలంపై ఆ ముగ్గురూ తాము విడిపోతున్నట్లు ప్రకటించారు. మామూలు అమ్మాయిలుగా మారిపోవాలని ఉందని కన్నీళ్లతో విన్నవించుకొన్నారు. 1978 ఏప్రిల్ 4న కొరాకుయెన్ స్టేడియంలో సుమారు 50,000 మంది ఎదుట చివరి కచేరీ జరిగింది. అప్పటికి యోషికోకు ఇంకా 22 ఏళ్లు నిండలేదు.

1980లో ఆమె నటిగా తిరిగివచ్చింది. దాదాపు పదేళ్ల కృషి తరువాత, 1989లో, ఆమె ప్రతిభను చాటే పాత్ర లభించింది. ఇబుసె మసుజి నవల ఆధారంగా ఇమామురా షోహెయి నలుపు తెలుపులలో తీసిన ఆ చిత్రం పేరు ‘కురోయి అమె’, అనగా నల్లని వాన. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు పడిన తరువాత రేడియోధార్మిక ధూళితో నల్లని వాన కురిసింది. ఆ వానలో తడిసిన యసుకో అనే యువతి పాత్రను యోషికో ధరించింది. యసుకో ఆరోగ్యంగా కనిపించినా, వచ్చిన పెళ్లి సంబంధాలన్నీ అనుమానంతో తప్పిపోతాయి. చివరకు ఆమె జుట్టు ఊడి చేతిలోకి వస్తుంది. ఆ నిశ్శబ్ద వేదనను యోషికో ఏ ఆర్భాటమూ లేకుండా పలికించింది. ఆ నటనకు జపాన్ అకాడమీ ఉత్తమనటి పురస్కారం లభించింది. ‘సూ’గా గుర్తుండిపోయిన గాయనిని జనం నటిగా గౌరవించారు.

1992లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ సోకినట్లు తేలింది. ఆ సంగతి లోకానికి తెలియనీయక, చికిత్స పొందుతూనే నటన కొనసాగించింది. 2011 మార్చి 11న తూర్పు జపానును భూకంపమూ సునామీ అతలాకుతలం చేశాయి. మార్చి 29న ఆమె తన గొంతును రికార్డు చేయించింది. తాను వ్యాధికి ఓడిపోతే, పరలోకం నుండైనా బాధితులకు ఉపయోగపడతానని, ఇంకా ఎన్నో పాత్రలు ధరించాలని ఉండేదని అందులో చెప్పుకొంది. ఏప్రిల్ 21న 55 ఏళ్ల వయసులో కన్నుమూసింది. అంత్యక్రియలలో రాన్, మికి కూడా పాల్గొన్నారు. అక్కడ ఆ గొంతు వినిపించింది.

జనం ఇచ్చిన కీర్తిని యోషికో 21 ఏళ్లకే వదులుకొంది. కృషితో సంపాదించుకొన్న కళను చివరి శ్వాస వరకు వదలలేదు.