క్రొత్త వ్యాఖ్యాత

అమెరికాలో డ్రాగ్ రేసు అను మోటారు పందెము కలదు. రెండు బండ్లు ప్రక్కప్రక్కన నిలిచి, పచ్చదీపము వెలుఁగఁగానే తిన్నని బాటపై దూకును. మేటి తరగతి బండ్లు 305 మీటర్లను నాలుగు సెకండ్లలోపుననే దాఁటును.

ఇంత త్వరలో ముగియు పందెమునకు వ్యాఖ్యాత యేల యని మీరడుగవచ్చును. జరిగినది కంటికందదు గనుకనే. చక్రము జాఱెనా, యంత్రము చెడెనా, తోలువాఁడు ముందే కదలెనా, చెప్పువాఁడు కావలయును. ప్రాణాపాయమును గలదు. 2008లో స్కాట్ కలిట్టా పందెమున మరణించిన పిదపనే, మేటి తరగతులకు 402 మీటర్ల దూరమును 305కు తగ్గించిరి. అట్టి వేళ వదరుఁబోతు పనికిరాఁడు.

కావుననే టెలివిజనులో కంఠము మాఱినపుడు అభిమానులు కలఁతపడుదురు. 2016లో ప్రసారము ఫాక్స్ స్పోర్ట్స్‌కు మాఱఁగా, టోనీ పెడ్రెగాన్ వ్యాఖ్యాతగా వచ్చెను. ఆయన 2003, 2007లలో ఫన్నీ కార్ తరగతిలో విజేత. ఇట్టి మార్పు కలిగినపుడెల్ల అలవాటైన గొంతే మేలని కొందఱును, తోలినవాఁడే మర్మమెఱుఁగునని కొందఱును వాదింతురు.

ఇరుపక్షములందును న్యాయము కలదని నా తలంపు. పౌరాణికుఁడు మాఱినపుడు మనకును మొదట గొంతు రుచింపదు. అర్థము విప్పి చెప్పఁగలవాఁడైనచో, నాలుగు దినములకు ఆ గొంతే మనదగును.