వారాల అన్నం నుంచి చదువు హక్కు వరకు

పూర్వం తెలుగునాట పేద విద్యార్థిని ఆదుకొనే ఒక చక్కని ఏర్పాటు ఉండేది. దాని పేరు ‘వారాలు’. చదువు కోసం సొంత ఊరు విడిచి వచ్చిన బాలుడు ఏడుగురు గృహస్థులను ఆశ్రయించేవాడు. సోమవారం ఒకరి ఇంట, మంగళవారం మరొకరి ఇంట అతనికి భోజనం. ఏ గృహిణికీ వారానికి ఒక్కరోజుకు మించి భారం ఉండేది కాదు. విద్యార్థికి మాత్రం ఏడాది పొడవునా ఆకలి తీరేది.

1872లో జన్మించిన టంగుటూరి ప్రకాశం చిన్ననాడే తండ్రిని కోల్పోయాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డలను పోషించింది. ఆ రాబడి చాలనందున ప్రకాశం వారాలు చేసుకొని చదువుకున్నాడు. హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు అతనిని చేరదీసి, రాజమండ్రికి తీసుకొనివెళ్లి చదివించాడు. ఆ బాలుడే 1953లో ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు.

అయితే వారాల పద్ధతికి పరిమితులు లేకపోలేదు. దాత మనసు మారితే విద్యార్థికి ఆనాడు పస్తే. పైగా, పంక్తిలో చోటు కులాన్ని అనుసరించి లభించేది. బాలికలకూ, పొలాలలో కూలికి వెళ్లే పిల్లలకూ ఆ విస్తరి అందలేదు. వ్యక్తుల దయ ఎంత గొప్పదైనా, అది అందరినీ చేరలేదు.

ఈ లోటును తీర్చే ప్రయత్నంలో సంస్థలు వెలిశాయి. హైదరాబాదు రాజ్యంలో గ్రామాల నుంచి వచ్చే విద్యార్థుల వసతి కోసం రాజా బహదూర్ వెంకటరామారెడ్డి ప్రభృతుల కృషితో 1918లో రెడ్డి హాస్టలు ఏర్పడింది. ఇతర సామాజిక వర్గాల వారు కూడా ఇటువంటి వసతిగృహాలను నెలకొల్పారు. మద్రాసులో దుర్గాబాయి 1937లో ఆంధ్ర మహిళాసభకు అంకురార్పణ చేసింది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను అక్కడ మెట్రిక్ పరీక్షకు సిద్ధపరిచారు, చేతిపనులు నేర్పారు. తమ కాళ్లమీద తాము నిలబడే శక్తిని కలిగించడమే ఆ సంస్థ ఆశయం.

అయినా పనిలో చిక్కుకొన్న పిల్లలు బడికి దూరంగానే ఉండిపోయారు. “పేదవారికి పిల్లల సంపాదన తప్పనిసరి” అని లోకం సరిపెట్టుకొంది. ఈ భావనను ప్రశ్నించిన సంస్థ మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్. బడికి వెళ్లని ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే పరిగణించాలని ఆ సంస్థ వాదించింది. 1990 దశకంలో ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వాన రంగారెడ్డి జిల్లా గ్రామాలలో కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు. తల్లిదండ్రులకు నచ్చజెప్పారు. యజమానులతో మాట్లాడారు. ఉపాధ్యాయులను, యువకులను, పంచాయతీ పెద్దలను కలుపుకొన్నారు. పెద్ద వయసు పిల్లలను ఒకటో తరగతిలో పసివారి నడుమ కూర్చోబెడితే సిగ్గుతో బడి మానివేస్తారు. అందుకే వారికి ముందుగా నివాస శిబిరాలలో శిక్షణ ఇచ్చి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. ఈ కృషికి గుర్తింపుగా శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 సంవత్సరాల పిల్లలందరికీ ఉచిత విద్యను హక్కుగా ప్రకటించింది. బడికి దూరమైన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చి, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్న నియమం అందులో ఉంది. అడిగి తెచ్చుకొన్న అన్నంతో ఆరంభమైన చదువు ఈ విధంగా అడగదగిన హక్కుగా మారింది.

మరి హక్కు వచ్చిన తరువాత ఊరివారి తోడ్పాటుతో పని తీరిపోయిందా? లేదు. బడికి రాని బిడ్డ ఏ ఇంట ఉన్నాడో, ఎందుకు రావడం లేదో చట్టానికి తెలియదు, పొరుగువారికి తెలుస్తుంది. ఆ బిడ్డను వెదకి, తలవంపు కలగకుండా బడివరకు నడిపించడం నేటికీ సమాజం బాధ్యతే. పుచ్చుకొనేవాని తల ఎత్తి నిలిపేదే నిజమైన దానం.