మధ్య నుంచి ఆరో పన్ను పాలపన్ను కాదు

ఆరేడేళ్ళ పిల్లలకు దవడ పన్ను పుచ్చితే, ‘పాలపన్నే కదా, ఊడిపోయి కొత్తది వస్తుందిలే’ అనుకుంటాం. అన్నిసార్లూ అది నిజం కాదు. సుమారు ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వరుస వెనుక పైన రెండు, కింద రెండు దవడ పళ్ళు కొత్తగా వస్తాయి. వీటికోసం ఏ పాలపన్నూ ఊడదు కాబట్టి ఇవి వచ్చిన సంగతే చాలామంది గమనించరు. ఇవి శాశ్వత దంతాలు. పోతే మళ్ళీ రావు.

వీటిపైన ఉండే సన్నని గాడుల్లోకి బ్రష్ సరిగా చేరదు. అక్కడ చిక్కిన చక్కెరను బాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ విలువ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. తొలిదశలో ఈ నష్టాన్ని లాలాజలం కొంత పూడుస్తుంది. గుంట పడ్డాక పూడ్చలేదు.

పిల్లల దంతవైద్యులు ఈ గాడులను సీలెంట్ అనే ద్రవంతో నింపి, నీలికాంతితో గట్టిపరుస్తారు. దీనికి సాధారణంగా సూది అవసరం ఉండదు. రాయ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలకు నగరంలోనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. నొప్పి వచ్చేదాకా ఆగవద్దు. తొలి పుట్టినరోజు నాటికే పిల్లల పళ్ళను ఒకసారి చూపించాలి.

పాలపళ్ళు ఒక్కో పక్క ఐదే. ఈ రాత్రి బ్రష్ చేయించేటప్పుడు ముందుపళ్ళ మధ్య నుంచి లెక్కపెట్టండి. ఆరోది కనిపిస్తే, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను.